'చదవలేడు' అన్న మాటను విప్పి చూడడం: ఆదోని ప్రాంతంలో ఒక ఉపాధ్యాయ శిక్షణ, కేస్ స్టడీ

మూడో తరగతి పాప 'పులి' అన్న పదం మీద వేలు పెట్టి 'హులి' అని చదివింది. పక్కన కూర్చున్న టీచరు కాగితం మీద తప్పు గుర్తు పెట్టారు. తర్వాతి పదం 'పాలు'. పాప 'హాలు' అంది. ఇంకో తప్పు గుర్తు పడింది. నాలుగు పదాలు పూర్తయ్యేసరికి ఆమె పేరు ఎదురుగా 'పద స్థాయి రాలేదు' అని రాసేశాం. రాసిన చేయి టీచరుది. పక్కన కూర్చుని తలూపింది నేను.

ఆ ఊరు కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో ఉంది. పాప ఇంట్లో మాట్లాడేది కన్నడం. కన్నడంలో పులిని హులి అంటారు, పాలను హాలు అంటారు, పామును హావు అంటారు. మధ్యాహ్న భోజనం వేళ ఈ సంగతి తట్టి, పాపను మళ్లీ పిలిచి 'పిలుపు' అన్న పదం చూపించాం. కన్నడంలో దీనికి దగ్గర మాట లేదు. పాప తడుముకోకుండా 'పిలుపు' అనే చదివింది. అంటే ఆమెకు 'ప' తెలుసు. అక్షరాలు కూడబలుక్కుంది, అర్థం పట్టుకుంది, దాన్ని తన ఇంటి మాటలో చెప్పింది. చదవడంలో కష్టమైన భాగమంతా ఆ పిల్ల చేసేసింది. మేం దానికి సున్నా వేశాం.

ఈ కేసులో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ రెండు తప్పు గుర్తుల చుట్టూనే ఉంది. మన టీచర్లకు పరీక్ష పెట్టడం వచ్చు, మార్కులు వేయడం వచ్చు, పట్టికలు నింపడం బాగా వచ్చు. పిల్ల సరిగ్గా ఏ చోట ఆగిందో విని, ఆ చోటును బట్టి రేపటి పాఠం మార్చుకోవడం ఎవరూ నేర్పలేదు. నేర్పుతున్నానని అనుకుంటూ మొదట్లో నేనూ నేర్పలేదు.

బడి, ఊరు

ఆదోని డివిజన్‌లోని ఒక ప్రాథమిక పాఠశాల అది. పిల్లల వివరాలు ఉన్నాయి కాబట్టి ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ప్రధానోపాధ్యాయులతో కలిపి నలుగురు ఉపాధ్యాయులు. మా పని మూడు, నాలుగు, ఐదు తరగతుల్లోని 64 మంది పిల్లలతో. నేను పదహారేళ్లు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా పనిచేసి ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. 2023 జూన్‌లో బడులు తెరిచాక ఈ పని మొదలైంది, ఏప్రిల్‌లో ఆ ఏటికి ముగిసింది.

నల్లరేగడి నేల, వర్షాధార సేద్యం. పత్తి, శనగ వేస్తారు. వాన ముఖం చాటేస్తే ఊరు సుగ్గికి కదులుతుంది. సుగ్గి అంటే ఇక్కడ కూలి కోసం కుటుంబంతో సహా వలస వెళ్లడం. పత్తి తీతకు కొందరు, గుంటూరు వైపు మిరప కోతలకు ఇంకొందరు. పిల్లలను అవ్వ దగ్గర వదిలే వీలుంటే వదులుతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. సీజనల్ హాస్టల్ తెరిచిన ఏడాది కొంతమంది నిలుస్తారు. ఇక్కడ ఏ శిక్షణ గురించి మాట్లాడినా ఈ క్యాలెండర్‌ను ఎదురుగా పెట్టుకునే మాట్లాడాలి.

పరీక్షలకు కొదువ లేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఫార్మేటివ్‌లు (మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షలు), సమ్మేటివ్‌లు (టర్ము చివరి పరీక్షలు) ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. 2021 జూలై 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తి చేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్క రావాలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం ఉంది, పరీక్ష ఉంది, రిజిస్టర్ ఉంది. ఈ మూడింటి మధ్య దారి మాత్రం ఆ బడిలో నాకు కనిపించలేదు. "సి గ్రూపు పిల్లలు సార్, ఇంట్లో పట్టించుకోరు" అన్న దగ్గర సంభాషణ ఆగిపోయేది.

నా మొదటి శిక్షణ

జూలైలో మండల వనరుల కేంద్రంలో రెండు రోజుల శిక్షణ ఇచ్చాను. అసర్ సర్వేలో వాడే పఠన సాధనం చూపించాను. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతా గ్రామాల్లో ఇంటింటికీ తీసుకెళ్తున్న సాధనం అది. అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని నాలుగు మెట్లు ఉంటాయి. సరళమైనది, ఐదు నిమిషాల్లో పిల్ల ఏ మెట్టు మీద ఉందో తేలుతుంది. తెర మీద స్లైడ్లు వేశాను, గ్రూపు చర్చలు పెట్టాను, చార్టులు రాయించాను. టీచర్లు శ్రద్ధగా విన్నారు, ఫారాలు తీసుకుని వెళ్లారు.

మూడు వారాలకు బడికి వెళ్లి చూస్తే పట్టిక గోడ మీద ఉంది. నాలుగు రంగుల్లో, స్కేలు పెట్టి గీసిన గళ్లలో 64 పేర్లు. అక్షరాల దగ్గర లేదా ఇంకా కింద 12 మంది, పదాల దగ్గర 22, పేరా దగ్గర 19, కథ చదివినవారు 11 మంది. ఆ పట్టిక కిందే నాలుగో తరగతి టీచరు పాఠ్యపుస్తకంలోని నాలుగో పాఠం ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాస్తున్నారు. తరగతి మొత్తం ఎక్కించుకుంటోంది. అక్షరాలు రాని పిల్లలు కూడా బొమ్మ గీసినట్టు ముత్యాల్లా రాస్తున్నారు. పట్టికకూ పాఠానికీ ఏ సంబంధమూ లేదు.

ఆ రాత్రి నాకు ఒక అధ్యయనం గుర్తొచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసినది, 2010లో అచ్చయింది. కొన్ని బడుల టీచర్లకు వాళ్ల పిల్లలు ఏది రాలేక వెనుకబడ్డారో వివరంగా నివేదికలు ఇచ్చారు, అప్పుడప్పుడూ వెళ్లి తరగతి చూశారు. ఎవరైనా చూస్తున్నప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడినట్టు కనిపించింది. ఏడాది చివర పరీక్షల్లో మాత్రం ఆ పిల్లలకూ, నివేదికలు అందని బడుల పిల్లలకూ తేడా లేదు. మన రాష్ట్రంలోనే తేలిన విషయం ఇది. నివేదిక ఇచ్చినంత మాత్రాన బోధన మారదని తెలిసి కూడా, నేను చేసింది టీచర్లతోనే ఆ నివేదిక రాయించడం.

వరండాలో ఐదు నిమిషాలు

ఆగస్టు నుంచి శిక్షణను కేంద్రం నుంచి బడికి మార్చాం. వారానికి ఒక రోజు నేను వెళ్లేవాణ్ని. ప్రార్థన అయ్యాక వరండాలో చాప వేసి టీచరు, నేను, ఒక పిల్ల కూర్చునేవాళ్లం. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు. ఆ సమయంలో టీచరు పని వినడమొక్కటే.

వినడం ఇంత కష్టమని నేను అనుకోలేదు. పిల్ల 'బ...' అని ఆగగానే టీచరు నోటి నుంచి 'బడి' వచ్చేస్తుంది. పిల్ల 'బడి' అంటుంది. కాగితం మీద సరైన జవాబు పడుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా అందివ్వడం అలవాటైన గొంతు అది, పిల్ల ఇబ్బంది పడుతుంటే చూడలేని మనసు అది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్ల ఆగినప్పుడు మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే "తర్వాతి దానికి వెళ్దామా తల్లీ" అని మాత్రమే అనాలి. ఐదో తరగతి మేడం మొదటి వారం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మూడో వారానికి ఆమె వినే తీరు మారిపోయింది. ఒక పిల్లవాడు వెళ్లాక నా వైపు తిరిగి, "వీడు రెండో అక్షరం చూడడం లేదు సార్, మొదటిది చూసి ఊహిస్తున్నాడు" అన్నారు. పదహారేళ్ల సర్వీసులో నేను అలాంటి వాక్యం ఎన్నోసార్లు అనాల్సింది, అనలేదు.

గుర్తులు నాలుగే పెట్టుకున్నాం. వదిలేసిన అక్షరానికి చుక్క, మార్చి చదివిన దానికి కింద గీత, తడబడి తనే దిద్దుకుంటే చిన్న బాణం, ముక్కలుగా కూడబలుక్కుంటే నిలువు గీత. గుర్తుతో పాటు పిల్ల నోటి నుంచి వచ్చిన మాటను వచ్చినట్టే రాయాలి. 'హులి' అంటే 'హులి' అనే రాయాలి. ఈ ఒక్క నియమం మిగతా శిక్షణ మొత్తం కంటే ఎక్కువ పనిచేసిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఇద్దరు టీచర్లు ఒకే పిల్లను ఒకేలా విన్నారా అన్నది కూడా చూసుకోవాలి. పిల్లలు చదివింది ఫోనులో రికార్డు చేసి, శనివారం నలుగురూ విడివిడిగా గుర్తులు పెట్టి పోల్చుకునేవారు. మొదటి శనివారం ఒకే పిల్లవాడికి ఒకరు మూడు తప్పులు, మరొకరు తొమ్మిది తప్పులు వేశారు. తనే దిద్దుకున్న మాటలను ఒకరు తప్పుగా లెక్కించడమే దానికి కారణం. మాట మాట పెరిగింది కూడా. ఆ వాదన జరగాల్సిందే. తనను తాను దిద్దుకునే పిల్ల చదువుతున్నది వింటున్న పిల్ల. దాన్ని తప్పుగా లెక్కిస్తే ఆమెలోని మంచి అలవాటుకే శిక్ష వేసినట్టవుతుంది.

ఆగిన చోట్లు

నెల తిరిగేసరికి 'పద స్థాయి' అని ఒకే గడిలో కూర్చోబెట్టిన 22 మంది ఒకే రకం పిల్లలు కారని తేలింది.

కొందరు అసలు చదవడం లేదు, అప్పజెబుతున్నారు. పాఠం వాళ్లకు కంఠతా వచ్చు. వేలు ఒక మాట మీద, నోరు ఇంకో మాట మీద ఉంటుంది. వాక్యాన్ని చివరి నుంచి మొదటికి చదవమంటే దొరికిపోతారు. ఇలాంటి పిల్లలకు ఫార్మేటివ్‌లో మంచి మార్కులే ఉన్నాయి.

కొందరు గుణింతం దగ్గర ఆగుతున్నారు. వీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 'క కా కి కీ' అని రాగం తీస్తూ క గుణింతం మొత్తం చెప్పేస్తారు. అదే వరుసలోంచి 'కే' ఒక్కటి తీసి చూపిస్తే, మొదటి నుంచి రాగం తీసుకుంటూ అక్కడిదాకా వస్తే గానీ చెప్పలేరు. వాళ్లకు గుణింతం ఒక పాటగా వచ్చు, గుర్తుల సమితిగా రాదు. 'కే' వచ్చిన పిల్లకు 'మే' రాకపోవడం చూస్తే, ఏత్వం అన్న గుర్తు ఎక్కడున్నా ఒకే పని చేస్తుందని ఆమెకు ఎవరూ చూపలేదని అర్థమవుతుంది. మనం బోర్డు మీద అడ్డంగా నేర్పుతాం, ఒక హల్లుకు అన్ని గుర్తులూ. ఆ బడిలో దాన్ని నిలువుగా తిప్పాం. ఒక వారమంతా ఒకే గుర్తు: తే, మే, గే, లే, పే. ఆ గుర్తు ఉన్న మాటలు: మేక, తేనె, పేడ, వేప. తర్వాతి వారం దాన్ని 'మె'తో పక్కపక్కన పెట్టి తేడా వినిపించడం. ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం దగ్గర తడబడే పిల్లలకు ఇది కొట్టొచ్చినట్టు పనిచేసింది.

ఇంకొందరు ఒత్తుల దగ్గర ఆగుతున్నారు. ఇక్కడ మా అందరికీ ఆశ్చర్యం కలిగించిన విషయం 'అమ్మ'. బడిలో మొదట నేర్పే మాట అదే, 64 మందిలో దాదాపు అందరూ చదివారు. కానీ 'చెమ్మ', 'కొమ్మ' ఇస్తే సగం మంది 'చెమ', 'కొమ' అన్నారు. అంటే 'అమ్మ'ను ఒక బొమ్మగా గుర్తుపడుతున్నారు, దాని కింద ఉన్న ఒత్తును చూడడం లేదు. కారణం లిపిలోనే ఉంది. చాలా హల్లులకు తలకట్టు తీసి కింద రాస్తే ఒత్తు అవుతుంది, 'ద్ద'లో, 'ప్ప'లో పిల్లకు పోలిక కనిపిస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలిక లేదు, రూపమే వేరు. మనమేమో ఆ కష్టమైన వాటినే మొదటి మాటగా ఇచ్చి, వచ్చేసిందనుకుని ముందుకు వెళ్తున్నాం. పోలిక కనిపించే ఒత్తులతో మొదలుపెట్టి, రూపం మారే ఆ ఆరింటినీ విడిగా, వారానికి ఒకటి చొప్పున నేర్పాలని టీచర్లే నిర్ణయించారు. ఈ నిర్ణయంలో నా సలహా ఏమీ లేదు.

చివరి రకం పిల్లలు అన్నీ సరిగ్గానే చదువుతారు, చాలా నెమ్మదిగా. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. నిపుణ్ భారత్ మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అంటుంది. ఆ అంకెను తెలుగు పిల్లల మీద గుడ్డిగా పెట్టకూడదని నేను శిక్షణలో గట్టిగా చెబుతాను. 'చదువుకుంటున్నారు' అన్నది మనకు ఒకే పదం, హిందీలో అదే భావానికి మూడు నాలుగు పదాలు పడతాయి. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం కూడా భాషకో ప్రమాణం విడిగానే నిర్ణయించింది. మా బడిలో ఏ పిల్లనూ ఇంకో పిల్లతో పోల్చలేదు. మూడు వారాల కిందటి తన వేగంతోనే పోల్చాం.

లెక్కల్లోనూ ఇదే పద్ధతి, అక్కడ పని త్వరగా అయింది. 405లోంచి 178 తీసేయమంటే ఒకే తరగతిలో చాలామంది 373 అని రాశారు. ప్రతి నిలువు వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు, పైదా కిందదా అని చూడలేదు. 'నూట ఐదు' రాయమంటే 1005 రాసినవాళ్లకు స్థాన విలువ పుల్లల కట్టలతో మళ్లీ మొదలైంది. జవాబు తప్పు అని గీత కొట్టే బదులు ఆ 373 ఎలా వచ్చిందో పిల్లనే అడగమన్నాను. పిల్లలు చక్కగా చెబుతారు.

తలకిందులైన పిరమిడ్

వెనుకబడిన పిల్లలకు చేసే సవరణ బోధన (రెమిడియల్) గురించి శిక్షణ పుస్తకాలు చెప్పే మూడు అంచెల నమూనా అమెరికా బడుల నుంచి వచ్చింది. తరగతి బోధన అందరికీ ఒక అంచె, అందులో నిలదొక్కుకోలేని కొద్దిమందికి చిన్న గుంపుల్లో రెండో అంచె, అప్పటికీ కదలని ఒకరిద్దరికి విడిగా మూడో అంచె. అక్కడి 2004 నాటి వికలాంగుల విద్యా చట్టం, అభ్యసన వైకల్యాన్ని నిర్ధారించేటప్పుడు పిల్లకు అందిన బోధనకు ఆమె ఎలా స్పందించిందో చూసే వీలు కల్పించింది. పిల్ల చదివేది తరచూ కొలిచి గీత గీసి, గీత లేవకపోతే బోధన మార్చే పద్ధతిని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డెనో బృందం తీర్చిదిద్దింది. ఇవన్నీ గౌరవించదగ్గ పనులు.

కానీ మూడు అంచెల ఆ పిరమిడ్‌కు ఒక ఆధారం ఉంది. నూటికి ఎనభై మంది పిల్లలు మామూలు తరగతి బోధనతోనే ముందుకు వెళ్తారన్న అంచనా అది. మా బడిలో మూడు నుంచి ఐదు తరగతుల 64 మందిలో రెండో తరగతి కథ చదివింది 11 మంది. పిరమిడ్ తలకిందులుగా నిలబడి ఉంది. ఇలాంటి చోట 'వెనుకబడిన' పిల్లలను మధ్యాహ్నం పూట వేరే గదిలో కూర్చోబెట్టి రెమిడియల్ అనడం పిల్లలను ముద్ర వేసి పంపడమే అవుతుంది. వెళ్లాల్సింది తరగతిలో ఎక్కువమంది. కాబట్టి సవరణే మామూలు బోధన కావాలి.

ప్రధానోపాధ్యాయుల దగ్గర ఈ విషయం అంత తేలిగ్గా తేలలేదు. "సిలబస్ మిగిలిపోతే నన్ను అడుగుతారు, మీరు అడిగించుకోరు కదా సార్" అన్నారాయన. ఆయన మాట న్యాయమైనదే. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఫొటోలు పంపాలి, తనిఖీకి ఎవరైనా వస్తే నోట్‌బుక్కులు చూపించాలి. రెండు సాయంత్రాలు కూర్చుని టైమ్‌టేబుల్ తిరగేశాం. ప్రశ్న జవాబులు బోర్డు మీంచి ఎక్కించడానికి రోజుకు ఎంత సమయం పోతోందో ఆయనే లెక్కగట్టారు. ఆ ఎక్కింపును సగానికి తగ్గించి, ఉదయం మొదటి 50 నిమిషాలు ఇచ్చారు. ఆ సమయంలో మూడు తరగతుల గోడలు ఉండవు. ఆగిన చోటును బట్టి నాలుగు గుంపులు, నలుగురు టీచర్లు. ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఆ సేపు అంగన్‌వాడీ కార్యకర్త, ఊళ్లో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి చూసుకున్నారు. గుంపులకు ఎ, బి, సి అని పేర్లు పెట్టొద్దన్నాను. పిల్లలు వాటికి వేప, చింత, రేగు, సీతాఫలం అని పెట్టుకున్నారు. మూడు వారాలకొకసారి కొత్త పేరాతో విని గుంపులు మార్చేవాళ్లం. ఒకే పిల్ల రెండు సార్లు కదలకపోతే ఆ పిల్ల గురించి కాకుండా మేం నేర్పుతున్న తీరు గురించి శనివారం మాట్లాడుకోవాలన్నది ఒప్పందం.

రెండో తరగతి సారు మొదట్లో ఈ పని ఇష్టపడలేదు. పెద్ద పిల్లలకు గుణింతాలు చెప్పడం తన స్థాయికి తగ్గ పని కాదన్నట్టు ఉండేవారు. ఆయనకు నేనేమీ చెప్పలేదు. ఐదో తరగతి పిల్లవాడొకడు 'వేరుశనగ' అన్న మాటను ఎవరి సాయం లేకుండా చదివి, పుస్తకం ఎత్తి చూపుతూ ఆయన వైపు చూశాడు. ఆ మర్నాటి నుంచి ఆయన అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచారు.

సుగ్గి కార్డు

దసరా తర్వాత పిల్లలు పలచబడడం మొదలైంది. నవంబరు చివరికి పదిహేను మందికి పైగా వెళ్లిపోయారు. వెళ్లిన పిల్లలు తిరిగొచ్చాక ప్రతిసారీ మొదటి నుంచి నేర్పడం, వాళ్లు మళ్లీ వెళ్లిపోవడం టీచర్లను అన్నింటికంటే ఎక్కువ నీరసపరిచే సంగతి. దీన్ని ముందే ఊహించకపోవడం నా లోపం.

నాలుగో తరగతి మేడం ఒక ఉపాయం చేశారు. పిల్ల వెళ్లే ముందు అట్టముక్క మీద పిల్ల పేరు, ఆగిన చోటు, మా నాలుగు గుర్తులు, ఆమె చదవగలిగే పది మాటలు, ఇంకా నేర్వాల్సిన ఐదు మాటలు రాసి ఇచ్చారు. తల్లిని కూర్చోబెట్టి, "రోజూ పడుకునే ముందు ఇవి చదివించమ్మా, నీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, వేలు పెట్టి చదువుతుందో లేదో చూడు" అన్నారు. పిల్ల వెళ్లిన చోట బడిలో చేర్చుకుంటే ఆ కార్డు అక్కడి టీచరుకూ పనికొస్తుంది. ప్రతి కార్డుకూ ఒక నకలు బడిలో ఉంచాం.

మార్చి, ఏప్రిల్‌లో తిరిగొచ్చినవాళ్లలో సగం మంది దగ్గర కార్డులు లేవు, మిరప చేలల్లో పోయాయి, వానకు తడిశాయి. అయినా బడిలో నకలు ఉంది కాబట్టి వచ్చిన రోజే పిల్ల తన గుంపులో కూర్చుంది. మళ్లీ 'అ ఆ' దగ్గర కూర్చోబెట్టలేదు. ఆ పిల్లల ముఖాల్లో దీని విలువ నాకు కనిపించింది.

ఇద్దరు పిల్లలు

నెలలు గడిచినా కదలని ఇద్దరి గురించి రాయాలి.

ఐదో తరగతి పిల్లవాడు బోర్డు మీది మాటలు చదవలేడు, పుస్తకం ముక్కుకు ఆనించి చదివితే కొంత వస్తుంది. అందరూ వాణ్ని అల్లరివాడనేవారు, ఎప్పుడూ పక్కవాడి నోట్‌బుక్కులోకి తొంగి చూస్తాడని. వరండాలో పక్కన కూర్చుని విన్నాకే అనుమానం వచ్చింది. ఆదోనిలో కళ్ల పరీక్ష చేయిస్తే చూపు తక్కువని తేలింది. అద్దాలు వచ్చాక మూడు నెలల్లో రెండు గుంపులు దాటాడు. ఐదేళ్లు ఆ బిడ్డకు బోర్డు కనిపించలేదు, మనం వాడికి మార్కులు వేస్తూ వచ్చాం. చదువు పరీక్షకు ముందు కన్ను, చెవి చూడాలన్నది అప్పటి నుంచి నా శిక్షణలో మొదటి గంట.

రెండో పిల్ల నాలుగో తరగతి. చూపు, వినికిడి బాగున్నాయి, మాట చక్కగా మాట్లాడుతుంది, కథ వింటే తిరిగి పొల్లుపోకుండా చెబుతుంది. అక్షరం మాత్రం ఈ రోజు వచ్చింది రేపు ఉండదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ప్రత్యేక అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. అనుమానం రాగానే ఆ పేరు పెట్టేయాలని కొందరు టీచర్లు తొందరపడ్డారు, నేను ఆపాను. ఇక్కడ చాలామంది పిల్లలకు అక్షరాలు రాకపోవడానికి కారణం సరైన బోధన అందకపోవడమే. బాగా నేర్పి, రాసి పెట్టుకుని, అప్పటికీ కదలకపోతేనే ఆ మాట ఎత్తాలి. ఈ పిల్ల విషయంలో పద్నాలుగు వారాల నమోదులు మా దగ్గర ఉన్నాయి. వాటితోనే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉపాధ్యాయురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ఆ కాగితాలు చూసి, ఇంత వివరంగా రాసుకొచ్చిన బడిని ఇంతకు ముందు చూడలేదన్నారు. నిర్ధారణ కోసం పెద్ద ఆసుపత్రికి పంపే పని ఈ రచన పూర్తయ్యేనాటికి ఇంకా నడుస్తోంది. ఈలోగా ఆ పిల్లకు ప్రశ్నలు చదివి వినిపించి, జవాబులు నోటితో చెప్పించుకుంటున్నారు.

ఏప్రిల్ లెక్క

ఏప్రిల్‌లో మళ్లీ అదే సాధనంతో, కొత్త పేరాలతో విన్నాం. దొరికింది 57 మంది. అక్షరాల దగ్గర ముగ్గురు, పదాల దగ్గర 11, పేరా దగ్గర 17, కథ చదివినవారు 26 మంది.

ఈ అంకెలను ఉన్నవాటికంటే పెద్దవి చేసి చెప్పను. రాని ఏడుగురిలో ఐదుగురు జూలైలో అట్టడుగు రెండు మెట్ల మీద ఉన్నవాళ్లు, ఇంకా సుగ్గి నుంచి తిరిగి రాలేదు. వాళ్లను కలిపి ఉంటే పట్టిక ఇంత బాగుండేది కాదు. పోల్చడానికి పక్క ఊరి బడి ఏదీ మేం తీసుకోలేదు, ఏడాది గడిస్తే పిల్లలు ఎంతోకొంత ముందుకు వెళ్తారు కూడా. విన్నది వాళ్ల టీచర్లే కాబట్టి ఆశతో విని ఉండవచ్చని, పది మంది పిల్లలను వేరే బడి టీచరుతో మళ్లీ వినిపించాం. ఇద్దరి దగ్గర తేడా వచ్చింది, రెండూ ఒక మెట్టు కిందికే. అంకెల కంటే నేను గట్టిగా నిలబడి చెప్పగలిగేది శనివారం సమావేశాల్లో వినపడే మాటల గురించి. జూలైలో 'డల్', 'ఇంట్లో పట్టించుకోరు' అన్న మాటలు వినిపించిన చోట, మార్చిలో 'య ఒత్తు దగ్గర ఆగుతోంది', 'ఓత్వం వచ్చింది, ఐత్వం రాలేదు' అన్న మాటలు వినిపించాయి.

మిగిలిపోయిన పనులు చాలా ఉన్నాయి. ప్రధానోపాధ్యాయులకు బదిలీ వస్తే ఉదయం 50 నిమిషాలు నిలుస్తాయో లేదో తెలియదు. చదివినదాని అర్థం అడగడంలో మేం ఇంకా బలహీనంగానే ఉన్నాం, కథ గడగడా చదివిన 26 మందిలో కొందరు 'ఎందుకు' అన్న ప్రశ్నకు నేల చూపులు చూశారు. ఇంట్లో కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లల కోసం ఆ భాషల మాటలతో ఒక పేజీ తయారు చేయాలనుకున్నాం. పులి పక్కన హులి, పాలు పక్కన హాలు. పేజీ సగంలో ఉంది.

జూన్‌లో ఒక సాయంత్రం నాకు ఫోను వచ్చింది. ఆ బడి నుంచి ఆరో తరగతికి వెళ్లిన పిల్లల హైస్కూల్ తెలుగు మాస్టారు. పిల్లల వెంట వచ్చిన కార్డులు ఆయన చేతిలో ఉన్నాయి. "ఈ నిలువు గీత, కింద 'ర ఒత్తు' అని రాశారు, ఏమిటిది సార్?" అని అడిగారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఇలాంటివాళ్లు నా తరగతిలో కార్డు లేకుండా ఇంకో ఇరవై మంది ఉంటారు. వాళ్లను ఎలా వినాలో చూపించడానికి శనివారం వస్తారా?" అన్నారు.